ఎల్‌డీఎల్ 123, హెచ్ఎస్ సీఆర్‌పీ 4.8: గుండెపోటు ముప్పు తేల్చడానికి ఈ రిపోర్టులో దేన్ని పట్టించుకోవాలి?

గోధూళి (ప్రశ్న):

46 ఏళ్ల మగమనిషి రిపోర్టు ఇది. ఛాతీనొప్పి, ఆయాసం లాంటివి లేవు. పొగ తాగడు. బీపీ 134/86, దానికి మందులు వాడడం లేదు. షుగర్ ఉందని ఇంతవరకూ తేలలేదు. ‘గుండె ప్యాకేజీ’ పేరుతో చేసిన పరీక్షల్లో అక్కరకొచ్చేవి ఇక్కడ పెడుతున్నాను.

మొత్తం కొలెస్ట్రాల్ 212, హెచ్‌డీఎల్ (‘మంచి’ కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) 265, ఎల్‌డీఎల్ (‘చెడు’ కొలెస్ట్రాల్) 123, వీఎల్‌డీఎల్ (ట్రైగ్లిజరైడ్లను మోసే కణాల్లోని కొలెస్ట్రాల్) 53 (అన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో)
లైపోప్రొటీన్ (ఎ) డెసిలీటరుకు 62 మిల్లీగ్రాములు
హెచ్ఎస్ సీఆర్‌పీ లీటరుకు 4.8 మిల్లీగ్రాములు, ఎర్రక్షరాల్లో
హోమోసిస్టీన్ (రక్తంలోని ఒక అమైనో ఆమ్లం) లీటరుకు 19 మైక్రోమోల్స్, ఇదీ ఎర్రక్షరాల్లోనే
హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపేది) 6.0 శాతం

రక్తం ఇచ్చేనాటికి జలుబు, జ్వరం తగ్గి ఆరు రోజులైంది. పరగడుపు 15 గంటలు. ఎల్‌డీఎల్ పక్కన ‘సాధారణానికి దగ్గర’ అని ఉంది, సీఆర్‌పీ పక్కన ‘అధిక ముప్పు’ అని ఉంది. రెండూ ఒకే మనిషివి. ఏది నమ్మాలి? మళ్లీ చేయించాల్సినవి ఏవి? ఇందులో లేనివి, ఉండాల్సినవి ఏమైనా ఉన్నాయా?

---

పరీక్షనాళిక:

ముందు రిపోర్టులో కొలిచినవేవో, లెక్కగట్టినవేవో విడదీయండి. లిపిడ్ ప్రొఫైల్ కింద ఎనిమిది వరుసలు కనిపించినా మామూలుగా యంత్రం కొలిచేది మూడే: మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు. మీ వీఎల్‌డీఎల్ 53ను ఎవరూ కొలవలేదు. 265ను 5తో భాగించారు, అంతే. ఎల్‌డీఎల్ కూడా అలాగే వచ్చింది: 212లోంచి 36 తీసి, 53 తీస్తే 123. ఇది 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం. కింద అచ్చువేసే నిష్పత్తులన్నీ కూడా ఈ మూడు అంకెల కూడికలు, తీసివేతలు, భాగహారాలే. ప్యాకేజీలో పరీక్షల సంఖ్య పెరిగేది చాలావరకు ఇక్కడే.

ఆ 5తో భాగించడం ట్రైగ్లిజరైడ్లు తక్కువగా ఉన్నప్పుడు బాగానే నడుస్తుంది. 400 దాటితే ఆ సూత్రం వాడనే కూడదు. 150 దాటినప్పటి నుంచే, ముఖ్యంగా ఎల్‌డీఎల్ 70 లోపు ఉన్నవాళ్లలో, అసలు కంటే తక్కువ చూపించడం మొదలవుతుంది. 2013లో వచ్చిన మార్టిన్ హాప్కిన్స్ లెక్కలో 5 బదులు మనిషి అంకెలను బట్టి మారే భాజకం ఉంటుంది. 2020 నాటి శాంప్సన్ లెక్క ట్రైగ్లిజరైడ్లు 800 దాకా పనిచేస్తుంది. మీ ల్యాబ్ ఏది వాడుతోందో రిపోర్టు అడుగున చిన్నక్షరాల్లో రాస్తారు. రాయకపోతే పైన చేసినట్టు తీసివేసి చూడండి, సరిగ్గా సరిపోతే పాత సూత్రమే.

మీకు ఏ సూత్రమూ అక్కర్లేని అంకె ఒకటుంది: నాన్ హెచ్‌డీఎల్. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేయడమే, 212 − 36 = 176. రక్తనాళం గోడలో చేరి పూడిక కట్టే కణాలన్నిటిలో ఉన్న కొలెస్ట్రాల్ ఇందులోకి వస్తుంది. భోజనం చేసి ఇచ్చినా పెద్దగా మారదు. దీని లక్ష్యం ఎల్‌డీఎల్ లక్ష్యం కంటే 30 ఎక్కువగా పెడతారు. ఆ కొలమానంలో చూస్తే 176 అంటే ఎల్‌డీఎల్ 146 ఉన్నంత. ‘సాధారణానికి దగ్గర’ అన్న మాట ఇక్కడ నిలవదు.

ఇక ఎర్రక్షరాలు. హెచ్ఎస్ సీఆర్‌పీ కాలేయంలో తయారయ్యే ప్రొటీన్. ఒంట్లో ఎక్కడ మంట, వాపు ఉన్నా పెరుగుతుంది. పన్ను చిగురు వాచినా చాలు. లీటరుకు 1 లోపు తక్కువ ముప్పు, 1 నుంచి 3 మధ్యస్థం, 3 పైన ఎక్కువ అని చదువుతారు. కానీ అది ఒళ్లు బాగున్న మనిషికి, రెండు వారాల ఎడంతో రెండుసార్లు కొలిచి సగటు తీసినప్పటి మాట. జ్వరం తగ్గిన ఆరో రోజున తీసిన 4.8 గుండె గురించి ఏమీ చెప్పదు, జ్వరం గురించి చెబుతుంది. 10 దాటి వస్తే ముప్పు లెక్కలోకి తీసుకోకుండా కారణం వెతకాలి. ఇంకో మెలిక: కొన్ని ల్యాబులు మామూలు సీఆర్‌పీని డెసిలీటరు లెక్కన ఇస్తాయి. డెసిలీటరుకు 0.3 అంటే లీటరుకు 3. యూనిట్ చూడకుండా పాత రిపోర్టుతో పోలిస్తే పది రెట్ల తేడా వస్తుంది.

హోమోసిస్టీన్ సంగతి ఇంకా చిత్రం. రక్తం తీశాక కూడా ఎర్రకణాలు దాన్ని ప్లాస్మాలోకి వదులుతూనే ఉంటాయి. నాళికను మంచులో పెట్టకుండా, గంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలను వేరుచేయకుండా బల్ల మీద వదిలేస్తే గంటకు దాదాపు 10 శాతం పెరుగుతుంది. ఇంటికొచ్చి తీసిన నమూనా మధ్యాహ్నం దాకా సంచీలో తిరిగితే 12 కాస్తా 19 కావడం పెద్ద విషయం కాదు. నిజంగానే ఎక్కువున్నా, ఫోలిక్ యాసిడ్, బి12 ఇచ్చి దాన్ని తగ్గిస్తే గుండెపోట్లు తగ్గలేదని 2006లో వచ్చిన హోప్-2, నార్విట్ పరీక్షలు రెండూ తేల్చాయి. నా మటుకు నేను ఆ వరుస కొట్టేస్తాను.

---

తూనికరాయి:

నాళిక గారి మాటల్లో ఒక్కదానికి అడ్డు చెబుతాను. హోమోసిస్టీన్‌ను గుండె లెక్కలోంచి కొట్టేయండి, కాని కాగితంలోంచి కాదు. 19 నిజమైతే బి12 లోపం ఉందేమో చూడాలి. ఇది పక్క విషయంలా కనిపిస్తుంది గాని, హెచ్‌బీఏ1సీని నేరుగా తాకుతుంది. బి12, ఇనుము లోపించినప్పుడు ఎర్రకణాలు మామూలు కంటే ఎక్కువ రోజులు రక్తంలో తిరుగుతాయి. ఎక్కువ రోజులు తిరిగితే వాటికి పట్టే చక్కెరా ఎక్కువే. అలా అసలు 5.6 ఉండాల్సినది 6.0గా రావచ్చు. ఎర్రకణాలు త్వరగా పగిలిపోయే జబ్బుల్లో దీనికి తలకిందులు, లేని తగ్గుదల కనిపిస్తుంది. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందుదశ అంటారు కాబట్టి, ఆ ముద్ర వేసే ముందు పరగడుపు గ్లూకోజ్, బి12, పూర్తి రక్తకణాల పరీక్ష కలిపి చూడండి. ఆ గ్లూకోజ్ నమూనా బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ నాళికలోనే తీయాలి. లేకపోతే కణాలు చక్కెరను తినేస్తూ గంటకు 5 నుంచి 7 శాతం తగ్గించేస్తాయి.

అసలు ప్రశ్నకు వస్తే, ముప్పు అనేది ఏ ఒక్క పరీక్షలోనూ ఉండదు. వయసు, లింగం, బీపీ, పొగ, షుగర్, కొలెస్ట్రాల్ కలిపి వేసే లెక్కలో ఉంటుంది. అమెరికావాళ్ల 2013 సమీకరణాల్లో (శ్వేతజాతి పురుషులది) మీ అంకెలు వేస్తే పదేళ్ల ముప్పు (పదేళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం) 4 శాతం చుట్టూ వస్తుంది. అదే మనిషి పొగ తాగేవాడైతే 10 శాతం. పొగ లేకుండా, ఇవే అంకెలతో వయసు 56 అయితే 9 శాతం పైన. ప్యాకేజీలోని ఏ రక్తపరీక్షా ఒక్క సిగరెట్ అలవాటంత బరువు తూగదు.

46 ఏళ్లకు 4 శాతం అంటే తక్కువే కదా అని ఊరుకోకూడదు. పదేళ్ల లెక్కలో వయసు మిగతావాటన్నిటినీ మింగేస్తుంది. అందుకే 2021 నాటి యూరప్ పట్టికలు 50 లోపు వాళ్లకు గీతను కిందికి దించాయి, వాళ్ల లెక్కలో 2.5 శాతానికి చేరితే చాలు ‘అధికం’. 2023లో వచ్చిన ప్రివెంట్ సమీకరణాలు 30 ఏళ్ల ముప్పును కూడా చెబుతాయి. వాటికి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) కావాలి. అది మీ జాబితాలో లేదు. క్రియాటినిన్ చేయించండి, వయసు, లింగం కలిపి ఈజీఎఫ్ఆర్ ల్యాబే లెక్కగట్టి ఇస్తుంది. 60 లోపు ఉంటే అదే ఒక పెద్ద ముప్పు. మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటినా అంతే.

లెక్క అయ్యాక దాన్ని పైకో కిందికో జరిపేవి చూడాలి. మీ కాగితంలో అలాంటివి రెండున్నాయి.

ఒకటి, ట్రైగ్లిజరైడ్లు 150 పైన, హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40 లోపు, బీపీ 130/85 పైన. మెటబాలిక్ సిండ్రోమ్‌కు (గుండెజబ్బు, షుగర్ ముప్పు పెంచే లక్షణాల గుంపు) ఐదులో మూడు చాలు, నడుం కొలవకుండానే మూడూ వచ్చేశాయి. రిపోర్టు వీటిని వేరువేరుగా చూపిస్తుంది, కలిపి చూపించదు. బీపీ అయితే అసలు అందులో ఉండనే ఉండదు.

రెండు, లైపోప్రొటీన్ (ఎ) 62. నా దృష్టిలో ఈ రిపోర్టులో ఎర్రక్షరాలు పడాల్సింది దీనికే. ఇది ఎల్‌డీఎల్ లాంటి కణమే, కాకపోతే దాని మీద అపో (ఎ) అనే ఇంకో ప్రొటీన్ అతుక్కుని ఉంటుంది. ఎంత ఉండాలన్నది చాలావరకు పుట్టుకతోనే రాసిపెట్టి ఉంటుంది. తిండి, నడక దాన్ని కదిలించవు. 50 మిల్లీగ్రాములు, లేదా లీటరుకు 125 నానోమోల్స్ దాటితే ముప్పు పెంచేదిగా లెక్క. దాదాపు ఐదుగురిలో ఒకరికి ఎక్కువగానే ఉంటుంది. జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. జ్వరం పక్కనే తీశారు కాబట్టి మీరు ఇంకోసారి చూసుకోవచ్చు, అంతకుమించి ఏటా చేయించడం దండగ.

దీన్ని మిల్లీగ్రాముల నుంచి నానోమోల్స్‌కు ఏదో అంకెతో హెచ్చవేసి మార్చకండి. కొలెస్ట్రాల్ అయితే 38.67తో, ట్రైగ్లిజరైడ్లయితే 88.57తో భాగిస్తే మిల్లీమోల్స్ వస్తాయి. అపో (ఎ) పరిమాణం మనిషికీ మనిషికీ వేరు కాబట్టి దీనికి అలాంటి స్థిరమైన భాజకం లేదు. రెండోసారి కూడా అదే ల్యాబ్, అదే యూనిట్.

---

కొత్తచిగురు:

ట్రోపోనిన్ పరీక్ష గుండెపోటును పట్టేస్తుందంటారు కదా. ఈ ప్యాకేజీల్లో అదెందుకు పెట్టరు? ఏటా ఒకసారి చేయిస్తే సరిపోదా?

---

తూనికరాయి:

ట్రోపోనిన్ గుండె కండరం దెబ్బతిన్నాక రక్తంలోకి కారే ప్రొటీన్. రాబోయేదాన్ని చెప్పడానికి కాదు, జరుగుతున్నది గుండెపోటా కాదా తేల్చడానికి వాడతారు. అది కూడా ఒక్క నమూనాతో కాదు. సున్నితమైన కొత్త పరీక్షతో వచ్చిన వెంటనే ఒకటి, మళ్లీ 1, 2 లేక 3 గంటలకు ఇంకొకటి తీసి, ఎంత పెరిగిందో చూస్తారు. నొప్పి మొదలైన తొలి గంటలో తీస్తే మామూలుగానే రావచ్చు. మరోపక్క కిడ్నీ జబ్బు, గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో గుండెపోటు లేకుండానే కొంచెం ఎక్కువగా ఉంటుంది.

కాబట్టి ఛాతీ బిగపట్టడం, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లని చెమటలు, ఉన్నట్టుండి ఆయాసం వస్తే ల్యాబుకు కాదు వెళ్లాల్సింది. అత్యవసర విభాగానికి, ఈసీజీ దగ్గరికి. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి స్పష్టంగా లేకుండా వికారం, నీరసంగా కూడా మొదలవుతుంది. ఇంట్లో కూర్చుని ట్రోపోనిన్ రిపోర్టు కోసం ఎదురుచూడడం కంటే ప్రమాదకరమైన పని లేదు.

---

లెక్కలపుస్తకం:

నాన్ హెచ్‌డీఎల్ ఒక్కటే చాలదని, అపో బి (కొలెస్ట్రాల్‌ను మోసే కణాల మీద ఉండే ప్రొటీన్) కూడా చేయించమని ఎవరూ అనలేదేంటి? ఈ రిపోర్టుకు అది అతికినట్టు సరిపోతుంది. ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్, లైపోప్రొటీన్ (ఎ), ఏదైనా సరే, ఒక్కో కణానికి ఒక్కటే అపో బి అణువు ఉంటుంది. అంటే అపో బి కొలిస్తే బళ్లను లెక్కపెట్టినట్టు, ఎల్‌డీఎల్ కొలిస్తే బళ్లలోని సరుకు తూచినట్టు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లలో ఒక్కో బండిలో కొలెస్ట్రాల్ సరుకు తక్కువ, బళ్లు ఎక్కువ. నాళం గోడను గుద్దేది బండి, సరుకు కాదు. అందుకే వీళ్లలో ఎల్‌డీఎల్ బాగున్నట్టు కనిపించి మోసం చేస్తుంది.

పరగడుపు అక్కర్లేదు. యూరప్ 2019 సూచనల్లో మధ్యస్థ ముప్పుకు 100 లోపు, అధిక ముప్పుకు 80 లోపు, అత్యధికానికి 65 లోపు ఉండాలన్నారు. అమెరికా 2018 సూచనల్లో 130, ఆపైన ఉంటే ముప్పు పెంచేదిగా పెట్టారు. ఒకటి లక్ష్యం, ఇంకొకటి హెచ్చరిక గీత, రెండూ కలిపి చదవకూడదు.

---

పరీక్షనాళిక:

అపో బి మంచిదే, కాదనను. కానీ నాన్ హెచ్‌డీఎల్ 176 చూసి కూడా కదలనివాళ్లు అపో బి చూసి కదులుతారా అన్నది నా అనుమానం. చేతిలో ఉన్న మూడు అంకెల్లోంచి వచ్చేదాన్ని ముందు వాడుకోండి. అపో బి ఒక్కసారి చేస్తే చాలు, రెండూ ఒకేవైపు చూపిస్తే ఆ తర్వాత నాన్ హెచ్‌డీఎల్‌తోనే నడిపించవచ్చు. చిన్న సాంద్ర ఎల్‌డీఎల్, కణాల పరిమాణం అంటూ అమ్మే పరీక్షలకైతే అపో బి తర్వాత చెప్పడానికి మిగిలేది చాలా తక్కువ.

మళ్లీ నమూనా ఇచ్చేటప్పుడు చేయాల్సినవి చెబుతాను, సగం తప్పులు యంత్రం దగ్గరకు రాకముందే జరుగుతాయి. జ్వరం, పంటి సమస్య, చిన్న శస్త్రచికిత్స ఏదైనా తగ్గాక కనీసం మూడు వారాలు ఆగండి. ఒంట్లో బాగాలేనప్పుడు ఎల్‌డీఎల్ తగ్గినట్టు కూడా కనిపిస్తుంది. గుండెపోటు వచ్చినవాళ్లలో తొలి 24 గంటల్లోనే లిపిడ్లు తీయమనేది అందుకే. వెళ్లగానే చేయి చాపకుండా పావుగంట కూర్చోండి. నిలబడి ఉన్నప్పుడు రక్తంలోని నీరు కణజాలంలోకి దిగి అన్నీ చిక్కబడతాయి. పడుకుని ఇచ్చినదానికీ నిలబడి వచ్చి ఇచ్చినదానికీ కొలెస్ట్రాల్‌లో 10 శాతం దాకా తేడా రావచ్చు. చేతికి కట్టే పట్టీ నిమిషం దాటి బిగించి ఉంచితే అదే జరుగుతుంది. నరం దొరక్క రెండు నిమిషాలు వెతికితే పట్టీ విప్పి, ఇంకో చేయి చూడమనండి.

పరగడుపు విషయంలో 15 గంటలు ఎందుకూ పనికిరాని కష్టం. తొలి చూపుకు తినే ఇవ్వొచ్చని 2016లో యూరప్ నిపుణుల ఉమ్మడి ప్రకటన చెప్పింది. తిన్నాక ట్రైగ్లిజరైడ్లు సగటున 26 పెరుగుతాయి, ఎల్‌డీఎల్ 8 తగ్గుతుంది, అంతే. మీకు 265 వచ్చింది కాబట్టి ఈసారికి 10 నుంచి 12 గంటలు, మంచినీళ్లు తాగుతూ. ముందురోజు మద్యం వద్దు, అది ట్రైగ్లిజరైడ్లను నేరుగా పెంచుతుంది. నాళికలో సీరం పాలలా తెల్లగా ఉంటే ఆ సంగతి ల్యాబ్ రిపోర్టులో రాయాలి. అలాంటి సీరం కాంతితో కొలిచే ఇతర పరీక్షలనూ చెడగొడుతుంది. 500 దాటితే గుండె కంటే ముందు క్లోమం వాపు గురించి ఆలోచించాలి.

ఇంత చేసినా అదే మనిషిలో రోజుకూ రోజుకూ ఎల్‌డీఎల్ 8 శాతం, ట్రైగ్లిజరైడ్లు 20 శాతం అటూఇటూ ఊగుతాయి. 265 తర్వాత 225 వస్తే తగ్గినట్టు కాదు.

---

గోధూళి:

ఐదు వారాల తర్వాతి రిపోర్టు, అదే ల్యాబ్, 11 గంటల పరగడుపు. మొత్తం 206, హెచ్‌డీఎల్ 37, ట్రైగ్లిజరైడ్లు 232, లెక్క ఎల్‌డీఎల్ 123. అపో బి 124. లైపోప్రొటీన్ (ఎ) 59. హెచ్ఎస్ సీఆర్‌పీ 1.4. బి12 తక్కువ. పరగడుపు గ్లూకోజ్ 97. ఈజీఎఫ్ఆర్ 92. ఇప్పుడు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మొదలుపెట్టేంత ఉందా?

---

తూనికరాయి:

4.8 కాస్తా 1.4 అయింది చూడండి, ‘అధిక ముప్పు’ జ్వరంతోపాటే పోయింది. గ్లూకోజ్ 97 అంటే 100 లోపే. బి12 సరిచేసి మూడు నాలుగు నెలలాగి హెచ్‌బీఏ1సీ మళ్లీ చూస్తే 6.0లో ఎంత నిజమో తేలుతుంది. కొత్త ఎర్రకణాలు ఒక్కసారిగా వచ్చిపడితే అది కొన్నాళ్లు తప్పుడు తగ్గుదల చూపిస్తుంది, తొందరపడొద్దు.

మిగిలినవి మాత్రం కదల్లేదు. ఎల్‌డీఎల్ 123 పక్కన అపో బి 124, లైపోప్రొటీన్ (ఎ) 50 పైనే, మెటబాలిక్ సిండ్రోమ్ అలాగే ఉంది. పదేళ్ల ముప్పు తక్కువ, జీవితకాలపు ముప్పు ఎక్కువ అనే కోవ ఇది. ఇక్కడ వైద్యులు కూడా ఒకే మాట మీద ఉండరు. తొలి డిగ్రీ బంధువుల్లో మగవాళ్లకు 55, ఆడవాళ్లకు 65 ఏళ్ల లోపు గుండెపోటు వచ్చిందా అన్నది మీరు రాయలేదు. అది ఉంటే తూకం మందు వైపు మొగ్గుతుంది. దక్షిణాసియా మూలాలు ఉండడాన్ని కూడా అమెరికా 2018 సూచనలు ముప్పు పెంచేవాటిలో చేర్చాయి. ఎటూ తేలకపోతే రక్తాన్ని వదిలి సీటీ స్కాన్‌తో కరోనరీ క్యాల్షియం స్కోరు (గుండె నాళాల్లో గట్టిపడిన పూడిక కొలత) చూడవచ్చు. 100, ఆపైన వస్తే స్టాటిన్ వైపు గట్టి మొగ్గు. సున్నా వస్తే కొన్నేళ్లు ఆగే వెసులుబాటు ఉంటుంది. అయితే 46 ఏళ్లకు సున్నా రావడం మామూలే, గట్టిపడని పూడిక అందులో కనిపించదు. బీపీ 134/86ను మాత్రం స్కోరు కోసం ఆపకుండా ఇంట్లో వారంపాటు ఉదయం, సాయంత్రం కొలిచి రాసుకోండి.

మందు మొదలుపెడితే ముందు ఏఎల్‌టీ (కాలేయం పరీక్ష) ఒకసారి చూస్తారు. 4 నుంచి 12 వారాల మధ్య మళ్లీ లిపిడ్లు. మధ్యస్థ మోతాదుకు ఎల్‌డీఎల్ 30 నుంచి 49 శాతం, గట్టి మోతాదుకు సగం, అంతకంటే ఎక్కువ తగ్గాలి. తగ్గకపోతే మొదటి అనుమానం మాత్ర సరిగ్గా వేసుకుంటున్నారా అన్నదే. మోతాదు రెట్టింపు చేస్తే అదనంగా వచ్చేది 6 శాతమే, అందుకే దానికంటే ఎజెటిమైబ్ (పేగుల నుంచి కొలెస్ట్రాల్ రక్తంలో చేరడాన్ని తగ్గించే మందు) కలపడం నయం. లైపోప్రొటీన్ (ఎ) స్టాటిన్‌తో తగ్గదు, కాస్త పెరిగినా కంగారుపడి మాత్ర ఆపొద్దు. దాన్ని పెద్దగా తగ్గించలేం కాబట్టే మిగతావాటిని ఇంకాస్త కిందికి తేవడం. పిల్లలకు, తోబుట్టువులకు కూడా ఎక్కువగా ఉండే అవకాశం దాదాపు సగం. వాళ్లకూ ఒక్కసారి చూడమనండి.

---

లెక్కలపుస్తకం:

టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఇంకా లేదు. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు రెండూ పెరుగుతాయి, అది సరిచేయకుండా స్టాటిన్ ఇస్తే కండరాల నొప్పులూ ఎక్కువే. బి12తో పాటు జుట్టుకని బయోటిన్ ఎక్కువ మోతాదుల్లో ఉన్న మాత్ర ఏదైనా వాడుతుంటే కనీసం మూడు రోజులు ఆపి రక్తం ఇవ్వండి. కొన్ని యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ను లేనిపోనంత తక్కువగా చూపిస్తుంది. పైన చిగురు గారు అడిగిన ట్రోపోనిన్‌నూ అంతే, తక్కువ చేసి చూపిస్తుంది. మాత్ర పేరు నమూనా తీసేవాళ్లకు చెప్పి, చీటీ మీద రాయించండి.